నేను చేర్చిన పేరా

జూన్ 14, శనివారం

జైలు జ్ఞాపకాల పుస్తకం అయిపోయింది. రెండు వందల ఎనభై పేజీలు. అందులో నలభై పేజీలు వంకాయలే. జైలు తోటలో వంకాయ మొక్కలకు పురుగు పట్టడం, బూడిద చల్లడం, మొదటి కాయ ఎవరు తినాలని ఖైదీల పోట్లాట. ఏడేళ్లు లోపలుండి వచ్చిన మనిషి తనను లోపల వేసినవాళ్ల పేర్లు రెండంటే రెండు చోట్ల రాశాడు. ఒళ్లు మండింది. గ్రంథాలయం పుస్తకమని కూడా చూడకుండా చివరి పేజీలో పెన్సిల్‌తో రాసిపెట్టాను: "అయ్యా, మీ శత్రువు వంకాయ పురుగా?"

తర్వాత కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

జూన్ 17

బీడీ కార్మికురాలి ఆత్మకథ. ఆమె చెబుతుంటే హైదరాబాద్ ప్రొఫెసర్ ఒకాయన రాసుకున్నాడట. మూడో పేజీలోనే ఆమె "ఆధిపత్య భావజాలం" అంటుంది. నేను నమ్మను. మా గల్లీలో పదిమంది బీడీలు చేస్తారు. ఆకు కత్తిరిస్తూ వాళ్లేం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. కూతురి కాన్పు, మునగాకు ధర, పక్కింటావిడ నోరు. ఆమె మాటలు ఆయన ఎక్కడ పారేశాడో! ఇంకొకరి నోట్లో తన మాట పెట్టేవాడు దొంగ.

ఈ వాక్యం కింద రెండు గీతలు గీస్తున్నాను.

జూన్ 23, సోమవారం

నేను పనిచేసే డీటీపీ షాపుకు ఒక పెద్దావిడ వచ్చింది. ఖమర్ జహాన్. ఉర్దూ మీడియం బడిలో ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైంది. సంచిలో నాలుగు నోటుబుక్కులు, అన్నీ ఉర్దూలోనే. తన బతుకంతా రాసుకుంది. అది తెలుగులో పుస్తకం కావాలి. తను ఉర్దూ చూస్తూ తెలుగులో చెబుతుంది, నేను టైపు కొట్టాలి. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం బోర్డుల వరకే. దానికి తోడు కంట్లో శుక్లం.

ఉర్దూలోనే వేయించవచ్చు కదా అని అడిగాను.

"ఉర్దూల వేస్తె మా ఇంటోళ్లు చదువుతరు బేటా. నాకు ఇందిర చదవాలె."

ఇందిరమ్మ పాపన్నపేట పటేలింటి ఆడబిడ్డ. ఇల్లరికపు పెళ్లి కాబట్టి డెబ్బై ఏళ్లొచ్చినా పుట్టిన ఇంట్లోనే ఉంది. టీచర్ నాన్న దర్జీ. పెళ్లిళ్ల కాలంలో మిషన్ బండి మీద వేసుకుని ఆ ఇంటికి పోయి, వారం పది రోజులు అక్కడే వరండాలో కూర్చుని కుట్టేవాడట. వెంట ఈ పిల్లను తీసుకుపోయేవాడట. అట్లా కలిసిన స్నేహం అరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ రోజూ పొద్దున ఏడింటికి ఇందిరమ్మ ఫోను చేయాల్సిందే. టీచర్ భర్త పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు. "నన్ను ఏ ఖమ్రూ అని పిలిచేటిది ఇగ దునియాల గామె ఒక్కతే" అంది.

ఆవిడ పోయాక సుధాకర్ అన్న తన పాత పాఠం మళ్లీ చెప్పాడు. షాపు ఆయనది, కంప్యూటర్ ఆయనది, పాఠమూ ఆయనదే. "నిస్సీ, కస్టమర్ ఏం చెప్తె గదే కొట్టాలె. తప్పు చెప్తె తప్పే కొట్టాలె. నీ తెలివి ఇంట్ల పెట్టి రా." పెళ్లి పత్రికల్లో "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" తీసేసి వట్టి పేరు పెట్టినప్పటి నుంచి నా మీద ఆయనకు అనుమానం.

జులై 2

చదివినవి: ఏమీ లేవు. టీచర్ పుస్తకమే చదువుతున్నట్టుంది. చెప్పడం బాగా చెబుతుంది. నాన్న సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడట, పిల్లలంతా కూడా బిగబట్టేవాళ్లట. ఇది ఏ ప్రొఫెసరూ రాయలేడు.

కానీ ఎక్కడా కోపం లేదు. పటేలింట్లో అందరూ మంచివాళ్లే. పటేలమ్మ మంచిది, పాలేరు మంచివాడు, ఎద్దులు కూడా మంచివే.

జులై 9, బుధవారం

ఈ రోజు టీచర్ నోటుబుక్కుల్లో లేని మాట ఒకటి చెప్పింది. నేను చాయ్ తెప్పించాను. గ్లాసు చేతిలో పట్టుకుని, దాన్ని చూస్తూ నవ్వింది.

"పటేలింట్ల నాకొక వేరే గ్లాసుండె బేటా. ఇత్తడిది. వరండా గూట్లె పెడుదురు. తాగి, నేనే కడిగి, బోర్లించి రావాలె."

ఇది రాయలేదేమని అడిగాను. "గది రాసెటిది కాదు" అంది. ఇంకా ఏదో చిన్నప్పటి ముచ్చట చెప్పి బాగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా అవ్వకు గ్లాసు కూడా లేదు. కుల్చారం దగ్గర వాళ్ల ఊళ్లో కాపుల ఇంటి ముందు వంగి దోసిలి పడితే పై నుంచి పోసేవాళ్లు. మూతి తడిసేది, రైక తడిసేది, గొంతు సగమే తడిసేది. చచ్చిపోయే ముందు దవాఖానలో అమ్మ గ్లాసుతో నీళ్లు పట్టబోతే అవ్వ రెండు చేతులూ దోసిలి పట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇదే మొదలు.

జులై 12

మూడు వందల యాభై పేజీల నవల, పెద్దింటి కథ. ఆ ఇంటి మనవరాలు చెబుతుంది. ఎంత చల్లటి ఇల్లో, ఎంత పెద్ద మనసులో! పనివాళ్లు ఆ ఇంటి కోసం ప్రాణమిస్తారు. వాళ్లకు ఒక్కళ్లకీ ఇంటి పేరు లేదు. ఎల్లమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ కొడుకు. చివర ఇల్లు అమ్ముడు పోతుంటే ఎల్లమ్మే ఎక్కువ ఏడుస్తుంది. ఎందుకే ఎల్లమ్మా? నీకు అందులో ఒక్క గదైనా ఉండిందా?

పుస్తకం గోడకేసి కొట్టాను. అమ్మ ఉలిక్కిపడి, "పుస్తకంతోని కొట్లాట ఏంది బిడ్డా, గది నీకు మర్లబడి కొడతదా" అంది. దవాఖానలో పన్నెండు గంటలు ఆయా పని చేసి వచ్చి ఈ మాట అనగలిగే ఓపిక అమ్మకే ఉంది.

అప్పట్లో సంఘంలో తిరిగిన పరశురాం అన్న ఇచ్చిన కరపత్రాల సంచి తీశాను. ఎనిమిదో క్లాసు నుంచీ నా బడి అదే. ఆయన సంఘం వదిలి తూప్రాన్‌లో ప్లాట్లు అమ్ముతున్నాడు, అది వేరే సంగతి. మనిషి పోయినా మాట పోలేదు. నీలం కరపత్రం మీద ఉంది: "చెప్పని అన్యాయం రెండోసారి జరిగిన అన్యాయం."

రెండోసారి. నా కళ్ల ముందు, నా కీబోర్డు మీద.

జులై 15, మంగళవారం

చేశాను. పద్నాలుగో పేజీలో, వరండాలో మిషన్ కుట్టే భాగం తర్వాత. ఇదీ పేరా:

"ఆ ఇంట్లో నాకు వేరే గ్లాసు ఉండేది. చూరులో చెక్కి పెట్టేవారు. దాహమేస్తే నేను వంగి నిలబడాలి, వాళ్లు ఎత్తి పోయాలి. నేను అంటరానిదాన్నని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ గ్లాసే చెప్పింది. ఇందిర నా స్నేహితురాలే. కానీ ఆమె స్నేహం కూడా ఆ గ్లాసు అంచు వరకే."

ఆవిడ చెప్పిందే కదా. నేను దానికి కొంచెం పదును పెట్టాను, అంతే. ధైర్యం చాలక వదిలేసిన దాన్ని ధైర్యం ఉన్నవాళ్లు అందించాలి. పుస్తకం మొత్తంలో ప్రాణమున్న పేరా ఇదొక్కటే, పక్షపాతం లేకుండా చెబుతున్నాను.

జులై 26

ప్రూఫు. నేను పైకి చదువుతుంటే టీచర్ కళ్లు మూసుకుని వింది. మధ్యలో రెండు చోట్ల సరిచేసింది. పద్నాలుగో పేజీ దగ్గర ఆధార్ జిరాక్స్ కోసం ముగ్గురు వచ్చారు. వాళ్లను పంపి వచ్చి పదిహేను నుంచి చదివాను.

సెప్టెంబర్ 3, బుధవారం

పుస్తకాలు వచ్చాయి. హైదరాబాద్ ప్రెస్ నుంచి రెండు అట్టపెట్టెలు, రెండు వందల కాపీలు. అట్ట మీద కుట్టుమిషన్ బొమ్మ. టీచర్ ఒక కాపీ తీసి ముక్కుకు ఆనించుకుంది. తర్వాత పచ్చ దుపట్టాలో చుట్టి, ఇది ఇందిరదని పక్కన పెట్టింది. ఆటోలో తనే పాపన్నపేట పోయి ఇచ్చి వస్తుందట. ఇందిరమ్మకు చూపు ఆనదు కాబట్టి మనవరాలు ఇషిత రోజుకు కొంచెం చదివి వినిపిస్తుందట.

నేను ఒక కాపీ తీసి పద్నాలుగో పేజీ తెరిచి, వెంటనే మూశాను. భయం కాదు. మొదటి పుస్తకం అచ్చయితే అట్లాగే ఉంటుందేమో.

నాది కాదు. ఆవిడది.

సెప్టెంబర్ 11

మరో నవల మొదలుపెట్టాను. గని కార్మికుల కథ. బాగుంది. శత్రువు మొదటి పేజీలోనే ఉన్నాడు. అయినా ఇరవై పేజీలు దాటలేకపోతున్నాను.

టీచర్ షాపు ముందు నుంచి పోతూ ఆగింది. నాలుగు రోజులుగా ఇందిరమ్మ ఫోను లేదట. తను చేస్తే ఇషిత ఎత్తి, నానమ్మ పడుకుంది అంటోందట. పొద్దున ఏడింటికి. "జరమొచ్చినట్టున్నది, పాపం" అని పోయింది.

సెప్టెంబర్ 20, శనివారం

వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని పుస్తకం నా ముందు పెట్టింది. నిన్న ఇషిత ఫోన్లో అన్నదట, పద్నాలుగో పేజీ చదివినప్పటి నుంచి నానమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని.

"గా పేజీల ఏమున్నదో చదువు బేటా."

చదివాను. మొత్తం చదివాను. సుధాకర్ అన్న పెళ్లి పత్రికలు కట్ చేస్తున్నవాడు ఆపేశాడు.

టీచర్ పుస్తకం తన వైపు తిప్పుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: "గీ ఎత్తి పోసుడు ఎవలది? నాకెవ్వరు ఎత్తి పొయ్యలె."

మా అవ్వది అన్నాను.

"మీ అవ్వ పేరు రాయకపోయినవా మరి. నా పేరు మీద ఎందుకు రాసినవ్?"

నా దగ్గర జవాబు ఉంది. కరపత్రాల నిండా ఉన్నాయి జవాబులు. అన్యాయం అందరిదీ ఒకటేనని, మౌనం వాళ్లకే లాభమని, ఏవేవో అన్నాను. గొంతు కూడా పెంచాను. టీచర్ పిల్లల పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు చూసినట్టు చూసింది. అయ్యాక, "మంచిగ మాట్లాడినవ్" అంది. వెటకారం లేదు. అది ఉన్నా బాగుండేది.

సుధాకర్ అన్న ఆవిడకు చేతులు జోడించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను, తీయలేదు. కంప్యూటర్ మాత్రం తన బల్ల పక్కకు జరిపించాడు, స్క్రీన్ కనబడేట్టు.

సెప్టెంబర్ 21

చదివినవి: లేవు.

సెప్టెంబర్ 22

లేవు.

అక్టోబర్ 5

బీడీ కార్మికురాలి పుస్తకం మళ్లీ తెచ్చాను. ముందుమాట వదిలేసి ఆవిడ మాటలు అనిపించిన చోట్ల మాత్రమే చదివాను. ఒకచోట కూతురి జడ గురించి రెండు వాక్యాలున్నాయి. అవి ఆవిడవే. ఇవాళ ఆ ప్రొఫెసర్‌ను తిట్టుకోలేదు. తిట్టడానికి పెన్సిల్ తీసి మళ్లీ పెట్టేశాను.

నేను పాపన్నపేట పోతాను. ఆ పేరా నాది, టీచర్‌ది కాదు అని ముఖం మీద చెప్పి వస్తాను. తప్పు చేసినవాడు జనం ముందు ఒప్పుకోవాలని కరపత్రాల్లోనూ ఉంది. టీచర్‌కు చెప్పకుండానే పోవాలి. పని అయ్యాక ఇందిరమ్మ ఫోనే ఆవిడకు చెబుతుంది.

అక్టోబర్ 12, ఆదివారం

పోయి వచ్చాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆటో మంజీర కాలువ దాటాక అందరూ దిగిపోయారు, నేనొక్కదాన్నే మిగిలాను. ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. పెద్ద మిద్దె ఇల్లు. గేటు ముందు నాలుగైదు బండ్లు. లోపల ఏదో వ్రతం అయిపోయి భోజనాలు నడుస్తున్నాయి. ఇషిత నా వయసుదే, పుస్తకం కొట్టిన పిల్లనని చెప్పగానే ముఖం మారింది. అయినా లోపలికి తీసుకుపోయింది.

ఇందిరమ్మ వరండాలో దివాన్ మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గీత, అక్కడ వెంట్రుకలు లేవు. నేను నిలబడే చెప్పాను. ఆ పేరా నేను రాశానని, టీచర్ నోటుబుక్కులో అది లేదని, ఆవిడకు తెలియకుండా చేర్చానని.

"నేను అనుకున్ననే ఇషితా," అంది ఆమె, మనవరాలి వైపు తిరిగి. "మనింటికి చూరెక్కడిది? మిద్దెకు చూరుంటదా? ఖమ్రుకు తెల్వదా గది?" ముఖం ఎంత తేలికపడిందో! పక్కన జాగా చూపించి కూర్చోమంది. నేను కూర్చున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను, మంచిగా అయిపోయిందని.

అప్పుడు అడిగింది. "మరి గ్లాసు సంగతి నీకెట్ల తెలిసె?"

టీచరే చెప్పిందన్నాను. అబద్ధం ఎందుకాడాలి?

"ఏమని చెప్పింది?"

సరిగ్గా అప్పుడే ఇషిత నాకు నీళ్లు తెచ్చింది. కాగితం గ్లాసులో. ఇందిరమ్మ పక్కన స్టూలు మీద స్టీలు చెంబు, స్టీలు గ్లాసు ఉన్నాయి. నేను ఆ స్టీలు గ్లాసును చూశాను, చేతిలో కాగితం గ్లాసును చూశాను. నెత్తురు తలకెక్కింది. నా పేరు నిస్సి అని చెప్పినప్పుడే వీళ్లకు అన్నీ తెలిసిపోయాయి అనుకున్నాను. అవ్వ దోసిలి కనబడింది. ఇంకేం కనబడలేదు.

"గిట్లనే ఉండేనని చెప్పింది" అని ఆ కాగితం గ్లాసు ఎత్తి చూపించాను.

ఇందిరమ్మ చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. "ఖమ్రు గంతేనా చెప్పింది?"

"గంతే."

"ఇంకేం చెప్పలె?"

"గంతే అంటున్న కదా."

ఇక ఆమె నన్ను చూడలేదు. ఇషిత బయటి దాకా వచ్చింది. వాకిట్లో భోజనాల బల్ల దగ్గర కాగితం గ్లాసులు గుట్టగా పేర్చి ఉన్నాయి. తెల్ల చొక్కా పెద్దమనుషులు, పంతులు, ఇందిరమ్మ కొడుకు, అందరి చేతుల్లోనూ అవే. ఇందిరమ్మ మందులు వేసుకునే గ్లాసు ఒక్కటే స్టీలుది.

వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేస్తే వరండా. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఎక్కేశాను.

అక్టోబర్ 13

జులై 9న టీచర్ చెప్పి నవ్విన రెండో మాట ఇక్కడైనా రాయాలి. అప్పుడు "ఏదో చిన్నప్పటి ముచ్చట" అని రాసి వదిలేశాను. ఏదో కాదు. నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

ఖమర్ గ్లాసు గూట్లో పెట్టగానే ఇందిర పరుగున పోయి అదే గ్లాసుతో నీళ్లు తాగేదట. ఇంట్లో వెండి గ్లాసున్నా ముట్టేది కాదట. ఒకరోజు తల్లి చూసింది. విసనకర్ర తిరగేసి కొడితే కనుబొమ్మ చిట్లింది. ఆరేళ్ల పిల్ల. నెత్తురు కారుతుంటేనే మళ్లీ పోయి ఆ గ్లాసు తీసుకుని తాగిందట. ఖమర్ వాళ్ల నాన్న మిషన్ మీది గుడ్డ పీలిక చించి కట్టు కట్టాడట. తర్వాత ఆ ఇంట్లో వేరే గ్లాసు లేదు. ఉన్నా ఎవరూ పాటించలేదు.

"గది రాసెటిది కాదు" అని టీచర్ అన్నది దీని గురించే. రాస్తే ఇందిర తల్లి చెడ్డది అవుతుంది. పోయిన మనిషిని ఎందుకు అనాలని.

నాకు ఆ రోజు ఈ సగం పనికిరాలేదు. పటేలు బిడ్డ ఎంగిలి గ్లాసులో తాగితే నా పేరా నిలబడదు.

నిన్న కూడా పనికిరాలేదు. నిన్నటిదానికి కారణం వెతుకుతున్నాను, పొద్దుటి నుంచీ.

అక్టోబర్ 21, మంగళవారం

టీచర్ ఉత్తరం రాయించడానికి వచ్చింది. నా దగ్గరికే. ఊళ్లో ఇంకో మూడు డీటీపీలు ఉన్నాయి. "నీకైతె మొత్తం తెలుసు కదా బేటా, మల్ల మొదటి నుంచి ఎవలకు చెప్పాలె" అంది. చెప్పింది చెప్పినట్టే కొట్టమంది. సుధాకర్ అన్న వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇందిరా, గ్లాసు సంగతి ఆ పిల్లకు నేనే చెప్పిన. నవ్వుకుంట చెప్పిన. నువ్వు అదే గ్లాసుల తాగి దెబ్బలు తిన్న సంగతి గూడ అప్పుడే చెప్పిన. అచ్చుల సగమే వచ్చింది. నా మాట మీద నమ్మకముంటె ఒక్కసారి ఫోన్ చెయ్యి. చెయ్యకుంటె గూడ నేను ఏడింటికి ఫోన్ దగ్గరనే కూసుంట."

కొట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు. రెండు చోట్ల తప్పులు పడ్డాయి, దిద్దాను.

ఇందులో ప్రతి మాటా నిజం. ఆ నిజం ఉత్తుత్తిదని తొమ్మిది రోజుల కిందటే పాపన్నపేట పోయి చెప్పి వచ్చింది నేను. టీచర్ కింద ఉర్దూలో సంతకం పెడుతున్నంతసేపూ చెప్పాలనుకున్నాను. నేను పోయిన సంగతి ఆవిడకు తెలియదు. చెబితే ఈ ఉత్తరం పంపదు, వేరే దారి చూస్తుంది. చెప్పకపోతే ఒకవేళ ఇందిరమ్మ నమ్మొచ్చు. అరవై ఏళ్ల స్నేహం ముందు నా ఒక్క మాట ఎంత? నిజానికి దాని బలం దానికుంటుంది.

ఇట్లా అనుకుని చెప్పలేదు. నిజానికి బలముంటుందని కూడా ఏదో కరపత్రంలో చదివిందే.

అక్టోబర్ 27

గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఇచ్చేశాను. జైలు పుస్తకం చివరి పేజీలో నా పెన్సిల్ రాత చెరిపేయబోయాను. రబ్బరుతో కాగితం నల్లబడింది కానీ రాత పోలేదు.

నవంబర్ 1, శనివారం

టీచర్ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నిన్న ఇషిత ఫోన్ చేసిందట. ఉత్తరం రెండుసార్లు చదివించుకుందట ఇందిరమ్మ. టైపింగ్ పిల్ల వచ్చి తన నోటితోనే చెప్పిపోయింది, ఇక ఉత్తరాలు వద్దు, ఏడింటికి ఎదురు చూడొద్దు అని చెప్పమందట.

"పాపన్నపేట పోయినవా?"

"పోయిన టీచర్."

"గ్లాసు సంగతి నేను చెప్పిననన్నవా?"

"అన్న."

"రెండో మాట?"

నేను కీబోర్డు వైపు తిరిగాను.

"ఇంకేం చెప్పలేదా అని ఇందిర అడిగిందంట గదా. ఏమన్నవ్?"

"గంతే అన్న."

ఎందుకని అడుగుతుందని చూశాను. అడిగితే కాగితం గ్లాసు గురించి చెప్పేదాన్ని, అవ్వ గురించి, తలకెక్కిన నెత్తురు గురించి. అడగలేదు. సుధాకర్ అన్న జిరాక్స్ మిషన్ ఆపాడు. ఇప్పుడే పోతాను, రెండో మాట కూడా చెబుతాను, కాళ్లు పట్టుకుంటాను అన్నాను. ఏడుస్తున్నాను కూడా.

టీచర్ నా తల మీద చెయ్యి పెట్టింది.

"ఒకసారి అచ్చుల ఒకటి చెప్పినవ్. ఒకసారి ఇంటికి పోయి ఒకటి చెప్పినవ్. ఇగ మూడోసారి ఏం చెప్పినా ఎవలు నమ్ముతరు బేటా? నేనే నమ్మ."

షాపు మెట్లు నాలుగు. మోకాళ్ల నొప్పి వల్ల ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగుతుంది. పట్టుకోబోయాను. వద్దని చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ పట్టుకుని దిగింది.